తనకు తాను సున్నా వేసుకున్న అయ్యోరు

పోయిన అమావాస్యకు సరోజ మా ఇంటికి వచ్చింది. తిరువళ్ళూరులో వీరరాఘవస్వామి దర్శనం కోసం తెల్లవారుజామునే రైలెక్కి, గుడి చూసుకుని, ఎండ ముదరకముందే మా వీధి వెతుక్కుంటూ వచ్చి గుమ్మంలో నిలబడింది. "కనకక్కా, నేనెవురో చెప్పు చూద్దాం" అంది. తెలియలేదు. నెరిసిన జుట్టు, లావుపాటి కళ్ళద్దాలు, చేతిలో ప్రసాదం పొట్లం. ఇంతలో నవ్వింది. అప్పుడు తెలిసింది. ముందు కళ్ళు చిన్నవైపోయి, ఆ తర్వాత తీరిగ్గా పెదవులు విచ్చుకునే ఆ నవ్వు వాళ్ళ నాయన దొరస్వామి అయ్యోరిది. ఇద్దరం భోంచేసి, చాప పరుచుకుని, సాయంత్రం దాకా ఆయన గురించే మాట్లాడుకున్నాం. పోయేముందు చెప్పులు తొడుక్కుంటూ, "నాకు ఆయన ఇంట్లోనూ నాయనే, బళ్ళోనూ నాయనే. అయ్యోరుగా ఎట్లుండినాడో నీకే తెలుసు. రాసిపెట్టక్కా, మా మనవళ్ళు చదవతారు" అంది. వాళ్ళ మనవళ్ళకు తెలుగు చదవడం రాదని నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు. అయినా రాస్తున్నాను. ఏ సంవత్సరం, ఏ నెల అని అడగవద్దు. అవి నా దగ్గర లేవు.

మా ఊరు తిరుత్తణికి నాలుగు మైళ్ళు, అరక్కోణం పోయే వైపు. రైలు మా పొలాల పక్కగా పోయేది కానీ ఆగేది కాదు. మా ఇంట్లో గడియారం లేదు కాబట్టి రైళ్ళే మా గడియారం. మా జేజి, అంటే మా నాయన తల్లి, తెల్లవారుజామున మొదటి బండి కూతకు లేచి కవ్వం కట్టేది. పొద్దెక్కాక పోయే బండికి రాగిపిండి ఎసట్లో పోసేది. "బండి పోయె, ఇంగా సంగటి కెలకలేదా?" అని మా అమ్మను అదిలించేది. బండి ఆలస్యమైన రోజు మా ఇంట్లో అన్నమూ ఆలస్యమే. చెనక్కాయల, అంటే వేరుశనగల కాలంలో ఇల్లంతా పచ్చి మట్టి వాసన. తడికాయలు వసారా నిండా ఆరబోసి ఉండేవి, అడుగు పెట్టడానికి చోటుండేది కాదు. ఇత్తడి అండాలో ఉప్పేసి ఉడకబెట్టిన కాయల ఆవిరి, జేజి ముక్కుపొడి ఘాటు, సాయంత్రం దీపం పెట్టేటప్పుడు ఆముదం వాసన, ఇవన్నీ కలిస్తే నాకు మా ఇల్లు. ఇప్పటికీ ఎక్కడైనా బండి మీద చెనక్కాయలు ఉడుకుతుంటే నా కాళ్ళు వాటంతటవే ఆగిపోతాయి.

ఇంటి ముందర రెండు తిన్నెలు, వాటి వెనక ఒక చిన్న గది. ఆ గదిలోనే దొరస్వామి అయ్యోరు, ఆయన భార్య, చంకలో పిల్ల సరోజ కాపురముండేవారు. ఆయనది పుత్తూరు పక్క. మా ఊరి బడికి ఆయనొక్కరే ఉపాధ్యాయుడు. ఒకటి నుంచి ఐదు దాకా అన్ని తరగతులూ ఒకే పూరికొట్టాయిలో, ఒకే నల్లబల్ల ముందర. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. మెడ కాస్త ముందుకు వంచి నడిచేవారు. సాయంత్రం బడి నుంచి రాగానే బావి దగ్గర కాళ్ళు కడుక్కుని, మా అమ్మ పంపిన చెంబెడు మజ్జిగ తాగి, ఎడమవైపు తిన్నె మీద గోడకానుకుని కూర్చునేవారు. కూర్చుని, ఒక పొడుగాటి నోటుపుస్తకం తెరిచి, సిరాబుడ్డి పక్కన పెట్టుకుని రాసేవారు. ప్రతిరోజూ, వానైనా గాలైనా. రాస్తూ ఒక్కోసారి తల పంకించేవారు. ఒక్కోసారి "ఛీ" అనేవారు.

ఆ పుస్తకం ఏమిటన్నది మా ఇంట్లో పెద్ద చర్చ. "రామకోటి రాస్తా ఉండాడు, పుణ్యాత్ముడు" అనేది జేజి. "రామకోటి రాసేవాడు నడమధ్యలో ఛీ అంటాడా అమ్మా?" అని మా నాయన నవ్వేవాడు. అయ్యోరి భార్యను అడిగితే, "నాకేం తెలుసమ్మా, బడి సంగతేదో" అని ఊరుకునేది. నాకు మాత్రం ఆ పుస్తకం మీద పడి చచ్చేంత ఆశ. అప్పుడు నాలుగో తరగతి. కనబడిన ప్రతి కాగితమూ చదివేసే వయసు.

బళ్ళో నా పక్కన కూర్చునేది వళ్ళి. పూలు కట్టే ఇంటి పిల్ల. వాళ్ళింట్లో అరవమే మాట్లాడేవాళ్ళు. మా ఊళ్ళో సగం ఇళ్ళలో తెలుగు, సగం ఇళ్ళలో అరవం, వీధిలో రెండూ. బడి మాత్రం తెలుగు బడి, ఎందుకంటే అప్పటికి తిరుత్తణి చిత్తూరు జిల్లాలో ఉండేది. వళ్ళి తక్కువ మాట్లాడేది. జడలో ఎప్పుడూ ఇంట్లో మిగిలిన మల్లెపూలు ఉండేవి కాబట్టి మా వరసంతా మంచి వాసన.

ఒక రోజు అయ్యోరు నాలుగో తరగతికి భిన్నాల భాగహారం చెబుతున్నారు. అరను పావుతో భాగిస్తే రెండు అని బల్ల మీద రాశారు. వళ్ళి లేచి, "భాగిస్తే తగ్గాల గదా అయ్యోరే? రెండెట్లా అయింది?" అంది. ఆయన కాసేపు బల్ల వైపు చూశారు. "అది అంతే. తలకిందులు చేసి గుణించాల. కూర్చో" అన్నారు. ఆయన గొంతులో చిరాకు నాకు తెలిసింది. ఆయన మళ్ళీ బల్ల వైపు తిరగ్గానే నేను, వళ్ళి పరికిణీ పట్టి లాగి, "అయ్యోరికే తెలీదు మే" అని కిసుక్కున నవ్వాను. ఆయన గిరుక్కున తిరిగారు. ఎదురుగా కనబడింది వళ్ళి, ఇంకా నిలబడే ఉంది. "పెద్దోళ్ళంటే నవ్వులాటగా ఉందా?" అని బెత్తం తీసుకుని అరచేతి మీద రెండు దెబ్బలు వేశారు. వళ్ళి ఏడవలేదు, నా పేరు చెప్పలేదు. చెయ్యి పరికిణీలో దాచుకుని కూర్చుంది. నేనూ నోరెత్తలేదు. ఎత్తితే ఆ రెండూ నాకు పడతాయి గదా.

ఆ సాయంత్రం అయ్యోరు రాస్తుండగా గదిలో సరోజ కిందపడి గుక్కపట్టి ఏడ్చింది. ఆయన లోపలికి పరుగెత్తారు. పుస్తకం తిన్నె మీదే తెరిచి ఉంది. చుట్టూ చూసి వంగి చదివాను. నిలువుగా గీతలు గీసి నాలుగు గడులు. పైన 'పాఠం', 'లెక్కలు', 'కోపం', 'చెవి' అని రాసి ఉంది. ప్రతి రోజుకూ ప్రతి గడిలోనూ పదికి ఇన్ని అని అంకెలు. మొదట మా మార్కులనుకున్నాను. పక్కన రాసింది చదివాకే అవి ఆయనవేనని తెలిసింది. 'లెక్కలు, నాలుగు. వళ్ళి అడిగింది మంచి ప్రశ్న. జవాబు నాకే తెల్లంగా లేదు. తెలియదని చెప్పలేదు.' దాని కింద, 'కోపం, సున్నా. విచారించకుండా కొట్టినాను. నవ్వింది వళ్ళి కాదేమో. అడగలేదు.' చెవి గడిలో ఒకటి. అంటే పిల్లలు చెప్పింది ఎంత విన్నాననే లెక్క అన్నమాట. అంత రాసినాయన 'నవ్వింది ఎవరు' అని రాయలేదు. అది చూసి నాకు ఊపిరి వచ్చింది.

ఊపిరి వచ్చినదాన్ని ఊరుకుంటే బాగుండేది. మర్నాడు బడికి పోయే దారిలో నలుగురు పిల్లలకు చెప్పేశాను. "మన అయ్యోరు ఆయనకాయనే మార్కులేసుకుంటారు. లెక్కల్లో నాలుగంట! ఒకదాంట్లో సున్నా అంట!" అది ఎంత కమ్మటి వార్తో మీరు ఊహించుకోవచ్చు. మధ్యాహ్నానికి పూల ఇళ్ళకు చేరింది, సాయంత్రానికి కల్లాల దగ్గరికి చేరింది. చీకటి పడకముందే మునసబు రాఘవ నాయుడు ఇద్దరు పెద్దమనుషులను వెంటబెట్టుకుని మా తిన్నె ముందుకు వచ్చాడు. మాకు వరసకు మామ. లావుపాటి మనిషి, నిలబడితే వీధి సగం మూసుకుపోయేది. అయ్యోరు లేచి నిలబడ్డారు.

"ఏమయ్యా అయ్యోరూ, లెక్కల్లో మీకు నాలుగు మార్కులంట గదా?"

"అవునండీ. నిన్న నాలుగే."

"ఎవురేసినారు?"

"నేనే ఏసుకున్నా."

మునసబు మామ తక్కిన ఇద్దరి మొహాలూ చూశాడు. ఆయన కాదంటాడనుకుని వచ్చాడు పాపం. "మీకే రాని లెక్క మా పిల్లోళ్ళకేం చెప్తారు? వాద్యారంటే బయముండాల, బక్తుండాల. ఇప్పుడు చూడండి, ఊరంతా నవ్వతా ఉండారు."

"రాలేదని రాసుకుంటేనే గదండీ మళ్ళీ నేర్చుకునేది? రాసుకోకపోతే నాకొచ్చుననే అనుకుంటా."

"అదంతా నాకు తెలీదు. చిత్తూరికి రాసి ఇంగొకర్ని పంపమంటా."

గది లోపల సరోజ వాళ్ళమ్మ ఏడుపు ఆపుకుంటున్న చప్పుడు వినిపించింది. నేను తలుపు వెనక గొళ్ళెం పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ క్షణంలో నాకు నేను పదికి ఎన్ని వేసుకోవాలో బాగానే తెలుసు. అప్పుడు మా జేజి లేచింది. ముక్కుపొడి డబ్బా నడుముకు దోపుకుని గడప దాకా వచ్చి, "ఒరే రాఘవా, నీకు మీసం రాకముందు నుంచీ చూస్తా ఉండా. నీకు నువ్వు యా పొద్దన్నా పదికి తొమ్మిదేసుకున్నావంటరా? పదికి పదకొండేసుకునే మొగం నీది. ఆయప్ప నాలుగేసుకుంటే నీకేడ నొప్పి పుట్టె?" అంది. పెద్దమనుషులిద్దరూ పై గుడ్డ నోటికడ్డం పెట్టుకున్నారు. మునసబు మామ మొహం ఎర్రబడింది గానీ జేజి మాటకు ఎదురాడే ధైర్యం ఆ ఊళ్ళో ఎవరికీ లేదు. "సరి అత్తా, ఇన్‌స్పెక్టరు వచ్చేదాకా చూస్తా. ఆయనెట్లా చెప్తే అట్లా" అని వెళ్ళిపోయాడు.

పుస్తకం ఎవరు చదివారని అయ్యోరు ఎవరినీ అడగలేదు. అడిగి ఉంటే బాగుండునని నాకు రెండు రోజులు అన్నం సయించలేదు. శనివారం మధ్యాహ్నం బడి వదిలేముందు ఆయన బల్లంతా తుడిచి నాలుగు గడులు గీశారు. "ఊరంతా చదివినాక మీరు చదవకపోతే ఎట్లా?" అన్నారు. వారం మార్కులన్నీ పుస్తకంలో చూసి ఒకటొకటే బల్ల మీదికెక్కించారు. సున్నా దగ్గర సుద్దముక్క ఆపి, "వళ్ళీ, లేయ్ తల్లీ. నిన్ను అడక్కుండా కొట్టినా. తప్పు నాది" అన్నారు. అయ్యోరు తప్పు నాది అనడం మేమెవరం ఎన్నడూ వినలేదు. ఇళ్ళల్లో నాయనలైనా ఎన్నడూ అనలేదు. వళ్ళి తల వంచుకుని నేల చూస్తోంది. ఎలా లేచానో తెలియదు, లేచి, "నవ్వింది నేనయ్యోరూ" అన్నాను. అని ఊరుకోక, "పుస్తకం చదివింది కూడా నేనే" అనేశాను.

ఆయన సుద్దముక్క కిందపెట్టి నా వైపు తిరిగారు. "నీకు నువ్వెన్ని ఏసుకుంటావు?"

"సున్నా అయ్యోరూ."

"రెండేసుకో. లేచి చెప్పినావు గదా, దానికి రెండు." అని ఆగి, ఆ నవ్వు నవ్వారు. ముందు కళ్ళు, తర్వాత పెదవులు. "ఇన్ని దినాలు పట్టింది కాబట్టి అంతకన్నా ఏసేదానికి కుదర్దు." వళ్ళి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ రోజు ఇంటికి పోతూ దాని జడలోంచి పూలు తీసి సగం నా జడలో పెట్టింది. ఆ విషయం మేమిద్దరం మళ్ళీ ఎత్తలేదు.

మర్నాడు ఆదివారం. ఆయన గొడుగేసుకుని తిరుత్తణికి నడిచి వెళ్ళారు. అక్కడి హైస్కూలు లెక్కల మాస్టరు ఇంటికి పోయి, 'అరను పావుతో భాగిస్తే రెండెట్లా అవుతుందో నాకు చెప్పండి' అని అడిగారట. ఆయన వింతగా చూశారని తర్వాత అయ్యోరే చెప్పి నవ్వారు. సోమవారం చంకన ఒక చెరకు గడతో బడికి వచ్చారు. మూర పొడుగు ముక్క నరికి, దాన్ని సగం చేసి పైకెత్తి, "ఇది అర. ఇందులో పావు ముక్కలు ఎన్ని ఉండాయి?" అన్నారు. వళ్ళి, "రెండు" అంది. అని అలాగే నోరు తెరిచి ఉండిపోయింది. "భాగించేదంటే పంచేది ఒకటే కాదు, దీంట్లో అది ఎన్నిసార్లు ఉండాదని అడిగేది కూడా. నాకు నిన్న తెలిసింది" అన్నారు ఆయన. ముక్కలన్నీ మాకే పంచారు. ఆ లెక్క నేను చచ్చేదాకా మరవను, ఎందుకంటే దానికి తీపి ఉంది. ఆ శనివారం ఆయన లెక్కలకు ఏడు వేసుకుంటే మేమంతా పది వేయాలని గోల చేశాం. "కాదు, ఎనక వరసోళ్ళకు చెరకు అందలేదు" అని ఏడు దగ్గరే ఉండిపోయారు.

అప్పటి నుంచి శనివారాలు మాకూ మార్కులు మొదలయ్యాయి. ఎవరికి వాళ్ళే పలక మీద వేసుకుని, ఎందుకో ఒక మాట రాయాలి. ఆయన దిద్దేవారు కాదు. మునసబు గారి కొడుకు దామోదరం వరసగా మూడు వారాలు పదికి పది వేసుకున్నాడు. అయ్యోరు, "అట్లనా? సంతోషం" అనేవారు, అంతే. నాలుగో వారం వాడు పలక చాటు చేసుకుని వచ్చి, "ఎనిమిది అయ్యోరూ. ఎక్కాలు చూసి రాసినా. మా నాయనకు చెప్పొద్దండి" అన్నాడు. వంట ఇంట్లో జేజికి ఈ సంగతులన్నీ నేను చేరవేసేదాన్ని. ఆమెకు ఎంత నచ్చిందంటే, ఒక రోజు సంగటి గంజిగంజిగా అయితే తనే, "ఈ పొద్దు నాకు మూడే" అంది. మా అమ్మ కాపురానికి వచ్చిన ఇన్నేళ్ళలో అత్తగారి నోట అలాంటి మాట వినడం అదే మొదలు. పాపం కళ్ళు తుడుచుకుంది.

ఇన్‌స్పెక్టరు గారు ఒక పొద్దున బాడుగ జట్కాలో దిగారు. మునసబు మామ ఆయన కన్నా ముందే బడి గుమ్మంలో ఉన్నాడు. సంగతంతా చెప్పాడు. ఇన్‌స్పెక్టరు గారు కుర్చీలో కూర్చుని పుస్తకం తెప్పించుకుని పేజీలు తిప్పసాగారు. ఆయన మొహంలో ఏమీ కనబడలేదు. అయ్యోరి చేతిలో సుద్దముక్క నలిగి పొడి రాలడం మాత్రం మాకు కనబడింది. చాలాసేపటికి తలెత్తి, "భిన్నాల భాగహారం ఎవరు చెబుతారు?" అన్నారు. దామోదరం మొదలుకుని వరసంతా చేతులెత్తాం. ఆయన వళ్ళిని లేపి, "మూడు వంతులు ముప్పావును... కాదు, ముప్పావును పావుతో భాగిస్తే?" అని తడబడ్డారు. వళ్ళి, "మూడు ముక్కలు సార్" అంది. "ముక్కలేమిటి?" అంటే చెరకు కథంతా చెప్పింది. ఆయన పుస్తకం మూసి అయ్యోరికి ఇచ్చేశారు. "ఇట్లాంటి పుస్తకం పెట్టమని రూల్సులో లేదు" అన్నారు. మునసబు మామ మీసం సవరించుకున్నాడు. "పెట్టవద్దనీ లేదు" అని లేచారు. అంతే. మెచ్చుకోలేదు, మందలించలేదు. జట్కా ఎక్కబోతూ మాత్రం అయ్యోరిని దగ్గరికి పిలిచి ఏదో అడిగారు. ఆ 'చెవి' గడి ఎందుకు పెట్టారని అడిగారట.

మేం ఐదో తరగతిలో ఉండగా ఊళ్ళో కొత్త మాట పుట్టింది. సరిహద్దు మారుతుంది, తిరుత్తణి మద్రాసు రాష్ట్రంలోకి పోతుంది అని. పెద్దవాళ్ళు అరుగుల మీద వాదులాడుకున్నారు. మాకు పిల్లలకు అదేమిటో తెలియలేదు. ఒక రోజు ఉన్న ఊరు ఉన్నచోటే ఉండి వేరే రాష్ట్రమైపోయింది. రైలు అదే, చెనక్కాయలు అవే. మునసబు మామకు వచ్చే కాగితాలు మాత్రం అరవంలో రావడం మొదలైంది. అయ్యోరికి రెండు దారులున్నాయి. చిత్తూరు వైపు బదిలీ అడగొచ్చు, లేదా ఇక్కడే ఉండి అరవం పరీక్ష రాయాలి. సరోజ వాళ్ళమ్మకు పుట్టిల్లు అటువైపే, పోదామనే ఆమె కోరిక. ఆయన నాలుగు రోజులు ఆలోచించి ఉండిపోయారు. "ఐదు తరగతులు నడమధ్యలో ఇడిచిపెట్టి యాడికి పోయేది?" అన్నారు. అరవం ఆయనకు మాట్లాడడం వచ్చు. రాయడం, చదవడం ఒక్క అక్షరం రాదు.

వళ్ళికి వచ్చు. తిరువాలంగాటిలో ఉండే వాళ్ళ తాత సెలవుల్లో ఇసుకలో రాయించి నేర్పాడట. అయ్యోరు దాన్నే అడిగారు. అలా రోజూ సాయంత్రం మా ఎడమవైపు తిన్నె మీద బడి మొదలైంది. కాళ్ళు మడుచుకుని వళ్ళి తిన్నె మీద, పలకతో అయ్యోరు మెట్టు మీద. "క, ఖ, గ, ఘ నాలుగింటికీ ఒకటే అక్షరమా? ఎంత పొదుపైన బాషమ్మా ఇది!" అని ఆయన ఆశ్చర్యపోతే మేం పొట్ట పట్టుకుని నవ్వేవాళ్ళం. నాలుక మడిచి పలికే ళ ఒకటి, మామూలు ళ ఒకటి, రెంటికీ వేరే అక్షరాలు. ఆయన ప్రతిసారీ ఒకదానికి ఒకటి రాసేవారు. మొదటిసారి ఇరవై మాటలు చెప్పి రాయించినప్పుడు పదహారు తప్పులు. వళ్ళి బలపం పట్టుకుని దిద్దకుండా కూర్చుంది. "నేనెట్లా అయ్యోరే మీకు తప్పు పెట్టేది?" అంది చిన్నగా. "లేని తప్పుకు నేను నీకు పెట్టినా గదా. ఉన్నదానికి నువ్వు పెట్టేదానికేం?" అన్నారు ఆయన. వళ్ళి వంగి, ఒక్కొక్కటే కొట్టేసి, అడుగున నాలుగు అని వేసింది. ఆయన ఆ నాలుగు పుస్తకంలోకి ఎక్కించుకున్నారు.

పది రోజుల తర్వాత మునసబు మామ ఆ దారిన పోతూ పోతూ ఆగాడు. చంకలో కాగితాల కట్ట. "ఏమో ఎండగా ఉంది, రవంత కూర్చుంటా" అని మెట్టు మీద అయ్యోరి పక్కన కూలబడ్డాడు. పొద్దుకుంగే వేళ అది, ఎండ ఎక్కడుందో మాకు తెలియలేదు. మర్నాడూ వచ్చాడు. మూడో రోజు తనే ఒక పలక తెచ్చుకున్నాడు. వళ్ళి ఆయనకు ఇరవైకి రెండు వేసింది. జేజి గడపలోంచి చూసి, "ఒరే రాఘవా, ఇప్పుడు తెలిసిందంటరా నాలుగంటే ఎంతో?" అంది. ఆయన తల ఎత్తకుండా, "ఊరుకో అత్తా, రాసుకోనీ" అన్నాడు.

అయ్యోరు పరీక్షకు తిరువళ్ళూరు పోవాల్సి వచ్చింది. అరక్కోణంలో బండి మారాలి. మొదటిసారి తప్పారు. ఆ శనివారం బల్ల మీద ఎన్ని వచ్చాయో రాసి, ఏవి తప్పులో కూడా రాసి, "రెండు ళలు కలిసి నన్ను ముంచేసినాయి" అన్నారు. రెండోసారి పోయేటప్పుడు స్టేషనుకు మునసబు మామే బండి కట్టించి తోలుకుపోయాడు. ఆ ఫలితం వచ్చిన రోజు టపా మనిషి బడికే తెచ్చిచ్చాడు. అయ్యోరు కవరు విప్పి చదివి, నేరుగా వళ్ళి ఇంటివైపు నడిచారు. ఐదో తరగతితో దాని చదువు ఆగిపోయి, అప్పటికి అది అరుగు మీద పూలు కడుతూ ఉండేది. కాగితం దాని చేతికిచ్చి, "చదువమ్మా" అన్నారు. అది అరవంలో చదివింది. చదివి, "పాసయినారు అయ్యోరే" అని, కడుతున్న పూలదండ మెడలో వేయడానికి సిగ్గుపడి ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన ఆ సాయంత్రమే వాళ్ళ నాయనతో మాట్లాడడానికి వెళ్ళారు. వారం రోజులు తిరిగారు. వళ్ళి నాతోపాటు తిరుత్తణి హైస్కూల్లో చేరింది.

ఆ ఇల్లు ఇప్పుడు లేదు. ఆ బడి రెండంతస్తుల మేడ అయింది, బోర్డు మీద తెలుగు లేదు. దానికి నాకు పెద్ద బాధ లేదు, పిల్లలున్నారు, అది చాలు. ఇప్పటి ఉపాధ్యాయులకు పని ఎక్కువ, కాగితాలు ఎక్కువ. వాళ్ళను చూసి మా కాలమే గొప్పదని అనను. మా కాలంలో బెత్తం ఉండేది, దాన్ని చూసి ఎవరూ ఛీ అనుకోలేదు, ఒక్క మనిషి తప్ప. ఆ ఒక్క మనిషి దగ్గర చదువుకున్న నేను కూడా ఆయన దారి పట్టానని చెప్పుకోవాలని ఉంటుంది. కానీ అది నిజం కాదు. తిరువళ్ళూరులో ఆడపిల్లల బడిలో లెక్కల టీచరుగా చేరాక ఒక నోటుపుస్తకం కొన్నాను, గడులు గీశాను. రోజూ ఏడు, ఎనిమిది వేసుకునేదాన్ని. ఎప్పుడైనా ఆరు. మొదటి సున్నా రాయడానికి నాకు పదకొండేళ్ళు పట్టింది.

ఒక రోజు ఒక పిల్ల లేచి, "టీచర్, ఆ మూడో మెట్టు తప్పు" అంది. నాకు కోపం వచ్చి, "ముందు నీ నోటు చూసుకో, కూర్చో" అన్నాను. ఇంటికి వచ్చి అన్నం వార్చుకుంటూ ఆ లెక్క మనసులో వేసుకుంటే పిల్లదే సరి. రాత్రంతా అటూ ఇటూ పొర్లి, మర్నాడు క్లాసులోకి పోగానే బల్ల మీద రాశాను. నిన్నటి లెక్క, సున్నా. కోపం, సున్నా. ఆ పిల్ల పేరు రాసి, తను చెప్పిందే సరి అని రాశాను. వెనక్కి తిరిగితే నలభై మంది ఆడపిల్లలు బిగుసుకుపోయి చూస్తున్నారు. ఇక వీళ్ళ దగ్గర నా మాట చెల్లదేమో అనుకున్నాను. అప్పుడు చివరి బెంచీలో ఒక పిల్ల మెల్లిగా లేచింది.

"టీచర్, పోయిన మంగళవారం తొట్టి నీళ్ళ లెక్క కూడా తప్పే. మీరు అరుస్తారని చెప్పలేదు" అంది.

నాకు నవ్వు ఆగలేదు. సుద్దముక్క తీసుకుని దాన్ని కూడా రాశాను. "ఇంకా ఏమైనా ఉన్నాయా?" అని అడిగాను. నాలుగు చేతులు లేచాయి.